గుండెలో బుగ్గ: ఒక చేతిపని చరిత్ర

మా దిక్కు గుండె దవాఖాన నుంచి ఎవరైనా ఇంటికొస్తే, చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట "ఎన్ని వడ్డయే?" అని. "రెండు స్టంట్లు వడ్డయి" అంటే ఒక రకం నిట్టూర్పు, "మూడు" అంటే ఇంకో రకం. ఇంగ్లీషు స్టెంట్ మా కరీంనగర్, ఆదిలాబాద్ నోళ్లలో స్టంటు అయి చాలా ఏళ్లయింది. మాట మారితే మారింది, నాకు ఆసక్తిగా అనిపించేది ఆ ప్రశ్న అడిగే తీరు. గుండె రక్తనాళానికి జరిగిన వైద్యాన్ని మనం ఒక వస్తువుగా, అందులోనూ ఒకటి, రెండు అని లెక్కపెట్టగల వస్తువుగా అర్థం చేసుకున్నాం. బిల్లు కూడా అట్లే వస్తుంది, సర్కారు ధర కూడా అట్లే కడుతుంది.

కొన్నేళ్లుగా ఇంకో వైద్యం వాడుకలోకి వచ్చింది. మందు పూసిన బెలూన్. సన్నటి తీగ మీదుగా దాన్ని నాళంలోకి పంపి, ఇరుకైన చోట నిమిషం పాటు ఉబ్బించి, ముడిచి, బయటికి లాగేస్తారు. మందు గోడకు అంటుకుంటుంది. లోహం ఏదీ లోపల మిగలదు. మా దిక్కు పిల్లలు జాతరలో కొనిపించుకునే బెలూన్‌ని బుగ్గ అంటారు. ఇదీ బుగ్గే, గాలికి బదులు ద్రవంతో ఉబ్బుతుంది. ఇది చేయించుకొని వచ్చినాయనను "ఎన్ని వడ్డయి?" అని అడిగితే "ఏం పడలే" అని చెప్పాలి. అడిగినవాళ్లు నమ్మరు.

నేను వైద్యుణ్ణి కాను, రోజంతా కోడ్ రాసుకునేవాణ్ణి. ఒక యంత్రం ఎట్లా పుట్టిందో చదవడం నాకున్న వ్యసనం. అట్లా చదువుతూ పోతే ఈ అరవై ఏళ్ల కథ నాకు చెప్పుకునే తీరులోనే కొంచెం తేడాగా కనిపించింది. దీన్ని అందరూ పరికరాల వరసగా చెప్తారు. మొదట బెలూన్, తర్వాత స్టెంట్, తర్వాత మందు స్టెంట్, ఇప్పుడు మందు బెలూన్. కొత్తది వచ్చింది, పాతది పోయింది. కానీ దగ్గరికెళ్లి చూస్తే చాలా మలుపుల్లో పరికరం ఎంత పని చేసిందో, దాన్ని వాడే పద్ధతి మారడం కూడా అంతే పని చేసింది. మందు బెలూన్ దగ్గరికి వచ్చేసరికి ఆ రెండో సంగతిని ఇక దాచడం కుదరలేదు.

1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు, కాలు తీసేయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ల ముసలమ్మ తొడ రక్తనాళంలోకి గొట్టాలు పంపించాడు. ముందు సన్నది, దాని మీదుగా కొంచెం లావుది. ఇరుకు తెరుచుకుంది, ఆమె తన కాళ్ల మీదే తిరిగింది. అమెరికాలో ఎక్కువమంది డాటర్‌ని పిచ్చోడి కింద జమకట్టారు. యూరప్‌లో మాత్రం కొందరు ఆ పని నేర్చుకున్నారు. వాళ్లలో ఆండ్రియాస్ గ్రుంట్సిగ్ ఒకడు. జర్మనీలో పుట్టి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పనిచేస్తున్న యువ డాక్టరు.

గొట్టాన్ని గుచ్చుకుంటూ పోయే బదులు, సన్నగా లోపలికి పోయి అక్కడ ఉబ్బే బెలూన్ కావాలని గ్రుంట్సిగ్ అనుకున్నాడు. సమస్య ఏందంటే మామూలు రబ్బరు బుగ్గ ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడికే ఉబ్బుతుంది. గట్టి ఇరుకు దగ్గర నడుము నొక్కినట్టు ఆగి, రెండు పక్కలా పొంగుతుంది. తనకు కావలసింది ఒక కొలత దాకా ఉబ్బి అక్కడే ఆగిపోయే గొట్టం. దానికోసం రసాయనశాస్త్రం ప్రొఫెసర్‌ని అడిగి పీవీసీ గురించి తెలుసుకున్నాడు. సాయంత్రాలు తన ఇంటి వంటగదిలో, భార్య, తన సహాయకురాలు, ఆమె భర్తలతో కలిసి గొట్టాలు వేడిచేసి, జిగురు పెట్టి, దారం చుట్టి బెలూన్లు చేశాడు. 1974లో కాలి నాళంలో వాడాడు. 1976లో కుక్కల మీద చేసిన ప్రయోగాల ఫలితాలను అమెరికా హృద్రోగ వైద్యుల సమావేశంలో పోస్టరుగా పెడితే చాలామంది పెదవి విరిచారు. 1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో, పక్కన సర్జన్లు సిద్ధంగా ఉండగా, 38 ఏళ్ల మనిషి గుండె నాళంలో మొదటిసారి బెలూన్ ఉబ్బించాడు. పదేళ్ల తర్వాత తీసిన యాంజియోగ్రామ్‌లోనూ ఆ నాళం తెరిచే ఉంది. అందులో లోహమూ లేదు, మందూ లేదు.

ఈ కథలో వంటగది గురించి అందరూ రాస్తారు, నేనూ రాశాను. ఆ తర్వాతి ఘట్టం గురించి తక్కువ రాస్తారు. 1979లో గ్రుంట్సిగ్ తన మొదటి 50 మంది రోగుల లెక్క అచ్చువేశాడు. 32 మందిలోనే పని సక్రమంగా అయింది. అంటే మూడింట ఒక వంతు మందికి కాలేదు. ఆయన ఈ అంకెను దాచలేదు. ఎవరికి చెయ్యాలి, ఎవరికి చెయ్యకూడదు, తీగ ఎట్లా పోవాలి, ఎప్పుడు ఆపాలి అన్నది నేర్పడానికి తన ఆపరేషన్లను టీవీ తెర మీద ప్రత్యక్షంగా చూపిస్తూ పాఠాలు పెట్టాడు. గది నిండా డాక్టర్లు కూచుని చూస్తుంటే గుండెలో తీగ తిప్పడం! ఏదైనా తప్పు జరిగితే అందరి ముందే జరుగుతుంది. మా ఉద్యోగాల్లో శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో కోడ్ పెట్టడానికే చేతులు వణుకుతాయి. ఆయన ఎందుకు అట్లా చేశాడంటే, ఇది పెట్టెలో పెట్టి అమ్మితే పోయే విద్య కాదని తెలుసు కాబట్టి.

1980లో అట్లాంటాకు మారి, 1985 అక్టోబరులో తానే నడుపుతున్న విమానం కూలి, 46 ఏళ్లకే చనిపోయాడు. అట్లాంటాలో ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో మాథ్యూ శామ్యూల్ కలరిక్కల్ ఒకరు. 1980ల మధ్యలో మద్రాసుకు తిరిగొచ్చి మన దేశంలో యాంజియోప్లాస్టీకి బాట వేసినాయన. విద్య ఒక చేతి నుంచి ఇంకో చేతికి అట్లా వచ్చింది.

ఉత్త బెలూన్‌కి మూడు జబ్బులుండేవి. ఉబ్బించిన చోట గోడ చీలి, ఆ చీలిక పొర తలుపులా మూసుకుపోయి నాళం అప్పటికప్పుడు మూతపడేది. లేదా సాగదీసిన గోడ రబ్బరులా వెనక్కి వచ్చేది. ఇవి రెండూ జరక్కపోతే, గాయం మానే క్రమంలో కణాలు పెరిగి, ఆరు నెలల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి మళ్లీ ఇరుకు. 1986లో ఫ్రాన్సులోని తులూజ్‌లో జాక్ ప్యూయెల్, స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో ఉల్రిక్ జిగ్‌వార్ట్ గుండె నాళాల్లో లోహపు జాలీ గొట్టాలు పెట్టారు. స్టెంట్. మొదటి రెండు జబ్బులకు అది మంచి మందు. కరీంనగర్ వెండి తీగపని చూసినవాళ్లకు దాని రూపం చెప్పక్కర్లేదు: సన్నటి తీగల అల్లిక, ఖాళీలే ఎక్కువ, అయినా ఆకారం నిలబడుతుంది.

కానీ నాళంలో లోహం పెడితే దాని మీద రక్తం గడ్డకడుతుంది. మొదట్లో దానికోసం వార్ఫరిన్‌తో సహా రకరకాల మందులు ఇచ్చేవాళ్లు. గడ్డ ఆగకపోయేది, రక్తస్రావం మాత్రం అయ్యేది, రోగి రోజుల తరబడి ఆసుపత్రిలోనే. స్టెంట్ మీద అనుమానాలు మొదలయ్యాయి. అప్పుడు ఇటలీలోని మిలాన్‌లో ఆంటోనియో కొలంబో అనే ఆయన నాళం లోపలికి చిన్న అల్ట్రాసౌండ్ కన్ను పంపి చూశాడు. ఎక్స్‌రే తెర మీద చక్కగా అమరినట్టు కనిపిస్తున్న స్టెంట్లు నిజానికి సగం తెరుచుకొని గోడకు ఆనకుండా వేలాడుతున్నాయి. ఆయన కొత్త స్టెంట్ కనిపెట్టలేదు. ఉన్నదాన్నే లోపల ఇంకో బెలూన్‌తో గట్టిగా, దాదాపు 15 అట్మాస్ఫియర్లతో, ఉబ్బించి గోడకు అదిమాడు. పోల్చుకోవడానికి, కారు టైరులో ఉండేది రెండుంపావు. 1995లో ఆయన బృందం అచ్చువేసిన ఫలితం ప్రకారం, అట్లా అదిమి పెడితే వార్ఫరిన్ అవసరమే లేదు, రక్తఫలకాలు అతుక్కోకుండా చేసే గోలీలు సరిపోతాయి. స్టెంట్ ప్రపంచమంతా పాకింది ఆ తర్వాతే. వస్తువు అదే, చెయ్యి మారింది. నా దృష్టిలో ఈ చరిత్రలో గ్రుంట్సిగ్ వంటగది తర్వాత అంతటి సంగతి ఇదే, దీన్ని గురించి మాత్రం ఎవరూ సినిమా తియ్యరు.

హైదరాబాద్ ఈ కథలోకి వచ్చింది సరిగ్గా ఈ కాలంలోనే. క్షిపణుల మనిషి అబ్దుల్ కలామ్, నిమ్స్‌లో గుండె డాక్టరుగా పేరున్న బి. సోమరాజు కలిసి 1990లలో చవక స్టెంట్ మీద పనిచేశారు. 1998 నాటికి కలామ్-రాజు స్టెంట్ పేరుతో అది తయారైంది. క్షిపణులకు వాడే లోహ పరిజ్ఞానాన్ని మనిషి ఒంటికి తేవడం కలామ్‌కి ఇష్టమైన పని. నిమ్స్‌లో పోలియో పిల్లల కాళ్లకున్న మూడు కిలోల క్యాలిపర్ల బదులు మూడువందల గ్రాములవి చేయించిన సంగతి ఆయన చాలాచోట్ల చెప్పుకున్నాడు. దిగుమతి స్టెంటు ధర విని ఇంటికి వెళ్లిపోయే రోగులున్న రోజుల్లో, మన దగ్గరే చేసుకోవచ్చు అన్న మాటకు ఎంత బరువుండేదో ఊహించుకోవచ్చు. నేను బళ్లో ఉన్నప్పుడు కలామ్ రాష్ట్రపతి. క్విజ్ పోటీల్లో ఈ స్టెంట్ పేరు ఖాయంగా అడిగేవాళ్లు. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. ఆ ఇద్దరి పేర్లూ వస్తువుకే అంటుకున్నాయి. సోమరాజు తరం డాక్టర్లు హైదరాబాద్ క్యాథ్ ల్యాబుల్లో ఎంతమంది కుర్రాళ్ల చేత తీగ పట్టించారో, ఆ పనికి పేరు లేదు.

తర్వాత వచ్చినవన్నీ ఆ వస్తువును అందరికీ అందించే ప్రయత్నాలే, అవి చిన్నవేం కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2008 నాటికి మా జిల్లాలతో సహా రాష్ట్రమంతా వచ్చింది. ఉట్నూరు నుంచో, ఆసిఫాబాద్ నుంచో తెల్లకార్డు పట్టుకుని వచ్చిన మనిషికి గుండె వైద్యం అందడం అన్నది అంతకుముందు లేని సంగతి. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో దాని పరిమితి పది లక్షలైంది. మధ్యలో ఢిల్లీ హైకోర్టులో ఒక వకీలు వేసిన కేసు దగ్గర మొదలై, 2016లో స్టెంట్లు అత్యవసర మందుల జాబితాలోకి ఎక్కి, 2017 ఫిబ్రవరి 13న కేంద్రం వాటికి గరిష్ఠ ధర కట్టింది. ఉత్త లోహపు స్టెంట్ 7,260 రూపాయలు, మందు స్టెంట్ 29,600 రూపాయలు, పన్నులు అదనం. లక్షకు పైన పలికినవి ఒక్కరాత్రిలో అక్కడికి దిగాయి. బిల్లులో స్టెంట్ ధరను విడిగా, కంపెనీ పేరుతో సహా చూపించాలని కూడా అందులోనే ఉంది. మంచి పనే. దాంతో "ఎన్ని వడ్డయి, ఒక్కటి ఎంత?" అన్న లెక్క చట్టంలోకి కూడా ఎక్కింది. ఆ ఉత్తర్వు స్టెంట్ల గురించే, బెలూన్ల మాట అందులో లేదు.

మందు స్టెంట్ల కథ తొందరగా ముగిస్తాను, దాని గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు. మూడో జబ్బు, అంటే మళ్లీ పెరిగే కణజాలం, దాన్ని ఆపడానికి స్టెంట్‌కే మందు పూశారు. 2002, 2003లలో యూరప్, అమెరికా మార్కెట్లకు వచ్చాయి. మళ్లీ ఇరుకు పడటం బాగా తగ్గింది. 2006లో మాత్రం ఆలస్యంగా, ఏడాది దాటాక, గడ్డకట్టే కేసులు బయటపడి పెద్ద గొడవైంది. కొత్త తరం స్టెంట్లు దాన్ని చాలావరకు సరిదిద్దాయి. అయినా లోహం జీవితాంతం అక్కడే ఉంటుంది, దాని లోపల మళ్లీ ఇరుకు పడితే ఇంకో స్టెంట్, అది కూడా పూడితే మూడో పొర. అందుకే కొన్నాళ్లకు కరిగిపోయే స్టెంట్ చేశారు. కాగితం మీద ఎంత అందమైన ఆలోచనో! దాని కమ్మీలు మందం, నాళాన్ని ముందు బాగా సిద్ధం చేసి, కొలత సరిగ్గా చూసి, చివర మళ్లీ అదిమితే తప్ప కుదురుకునేది కాదు. ఆ క్రమశిక్షణ అందరికీ అలవాటయ్యేలోపే చెడ్డ ఫలితాలు వచ్చిపడి, 2017లో ప్రధాన కంపెనీ అమ్మకం ఆపేసింది. దోషమంతా చేతిదే అనను. మందం కమ్మీలు డిజైన్ లోపమే. కానీ అజాగ్రత్తను అస్సలు క్షమించని పరికరం అది.

మందు బెలూన్ జర్మనీ నుంచి వచ్చింది. బ్రూనో షెల్లర్, ఉల్రిక్ ష్పెక్ అనే ఇద్దరు పరిశోధకులకు ఒక వింత కనిపించింది. యాంజియోగ్రామ్‌లో నాళం కనబడ్డానికి ఎక్కించే కాంట్రాస్ట్ ద్రవంలో పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు కలిపితే, కొద్దిసేపే తగిలినా అది నాళం గోడలోకి ఇంకి, కణాల పెరుగుదలను వారాల తరబడి ఆపుతోంది. అప్పటిదాకా నమ్మకం ఏందంటే మందు నెలల తరబడి కొంచెం కొంచెంగా అందాలి, అందుకు స్టెంట్ అక్కడ ఉండాలి. నిమిషం చాలు అంటే ఎవరు నమ్ముతారు? 2006లో 52 మందితో చేసిన పరీక్ష అచ్చయింది. అందరూ పాత స్టెంట్ లోపల మళ్లీ ఇరుకు పడ్డవాళ్లే. ఆరు నెలలకు చూస్తే ఉత్త బెలూన్ వాడినవాళ్లలో 43 శాతానికి మళ్లీ ఇరుకు, మందు బెలూన్ వాడినవాళ్లలో 5 శాతానికి. చిన్న పరీక్షే, కానీ ఆ తేడాను పక్కన పెట్టడం కష్టం.

ఇక్కడ కొంచెం లెక్క చేస్తే సంగతి తెలుస్తుంది. రెండున్నర మిల్లీమీటర్ల వ్యాసం, 20 మిల్లీమీటర్ల పొడవున్న బెలూన్ ఒంటి విస్తీర్ణం సుమారు 157 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు మూడు మైక్రోగ్రాముల మందు అంటే మొత్తం అర మిల్లీగ్రాము కూడా లేదు. అందులో కొంత దారిలోనే రక్తంలో కొట్టుకుపోతుంది, ఎక్కువ భాగం ఉబ్బించినప్పుడు కిందికి జారిపోతుంది. పందుల మీద చేసిన తొలి ప్రయోగాల్లో గోడకు చేరింది పదో వంతు అటూ ఇటూగా. ఆ పిసరంత మందు సరైన చోట, సరైన గోడకు, ఒక్క నిమిషంలో అందాలి. రెండో అవకాశం లేదు. స్టెంట్ అయితే కొంచెం తక్కువ తెరుచుకున్నా మళ్లీ అదమొచ్చు. దీన్ని ఒకసారి ఉబ్బించి తీశాక అంతే.

అందువల్ల పద్ధతి అంతా ముందే జరుగుతుంది. మొదట మందు లేని బెలూన్‌తో, నాళం కొలతకు దాదాపు సమానమైనదానితో, ఇరుకును తెరుస్తారు. గట్టిగా ఉంటే బ్లేడు అంచులున్న బెలూన్, ఇంకా గట్టిగా సున్నం పేరుకుపోయి ఉంటే దాన్ని అరగదీసే బర్రో, ధ్వని తరంగాలతో పగలగొట్టే పరికరమో. ఆ తర్వాత ఆగి చూడాలి. మిగిలిన ఇరుకు 30 శాతం లోపలే ఉందా? రక్తం ధారాళంగా పారుతోందా? గోడ చీలిందా, చీలితే ఎంత? చిన్న చీలికకు భయం లేదు, మందు లోపలికి పోవడానికి అదే దారి కావచ్చు. పొర లేచి ప్రవాహానికి అడ్డుపడితే మాత్రం బెలూన్ ఆలోచన మానుకుని స్టెంట్ పెట్టాలి. అన్నీ సరిగ్గా ఉంటేనే మందు బెలూన్ బయటికి తీయాలి. దాని ఒంటిని వేళ్లతో తాకకూడదు, తడపకూడదు. లోపలికి పంపాక రెండు నిమిషాల్లో చోటికి చేరాలి. మొదటి బెలూన్ తగిలిన జాగా కంటే రెండు వైపులా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ కప్పాలి, లేకపోతే గాయమైన అంచుకు మందు అందక అక్కడే మళ్లీ ఇరుకు మొదలవుతుంది. అక్కడ అరవై సెకన్ల దాకా ఉబ్బించి ఉంచాలి. ఇక్కడ దాని పని తెరవడం కాదు, పూయడం మాత్రమే.

ఇల్లు రంగు వేయించినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రంగు డబ్బా ఏ కంపెనీదని బేరమాడతాం. గోడ గీకి, లప్పం పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ కాగితంతో రుద్దే మేస్త్రీ రెండు రోజులు ఎక్కువ అడిగితే మొహం మాడ్చుకుంటాం. పెచ్చు లేచేది మాత్రం రెండో వానాకాలంలో.

ఇది నా ఉపమానం మాత్రమే అనుకోవద్దు. 2018లో కొరియా పరిశోధకులు స్టెంట్ లోపలి ఇరుకుకు మందు బెలూన్ వాడిన కేసులను వెనక్కి తిరిగి పరిశీలించి, ఆపరేటర్ చేతిలో ఉన్న మూడు సంగతులు ఫలితాన్ని మారుస్తున్నాయని చూపించారు. సిద్ధం చేశాక మిగిలిన ఇరుకు 20 శాతం లోపుండటం, బెలూన్ కొలత పాత స్టెంట్ కొలతలో 0.91 వంతుకు మించడం, ఉబ్బించిన సమయం అరవై సెకన్లు దాటడం. మూడూ పాటించినవాళ్లకూ ఏదీ పాటించనివాళ్లకూ మధ్య చాలా తేడా. ఒకే పేరున్న చికిత్స, ఒకే రకం పరికరం, లోపల రెండు వేరువేరు వైద్యాలు.

2024లో రెండు పెద్ద ఫలితాలు ఎదురెదురుగా వచ్చాయి. అమెరికాలో 600 మంది మీద చేసిన పరీక్షలో స్టెంట్ లోపలి ఇరుకుకు మందు బెలూన్ వాడితే ఏడాదిలో మళ్లీ సమస్య వచ్చింది 17.9 శాతానికి, ఉత్త బెలూన్ వాడినవాళ్లలో 28.6 శాతానికి. దాంతో ఆ ఏడాది మార్చిలో అక్కడి నియంత్రణ సంస్థ మొదటిసారి గుండె నాళాలకు మందు బెలూన్‌ని అనుమతించింది. యూరప్, ఆసియా అంతకు పదిహేనేళ్ల ముందు నుంచీ వాడుతున్నదాన్ని! చైనాలో 2,272 మంది మీద చేసిన పరీక్ష మాత్రం తల బొప్పి కట్టించింది. అక్కడ స్టెంట్ ఎప్పుడూ పడని కొత్త ఇరుకులకు, నాళం చిన్నదైనా పెద్దదైనా, మందు బెలూన్‌నీ మందు స్టెంట్‌నీ పోల్చారు. ముందు సిద్ధం చేసి, అది బాగా కుదిరినవాళ్లనే పరీక్షలోకి తీసుకున్నారు. అయినా రెండేళ్లకు చెడు ఫలితాలు బెలూన్ వైపు 6.4 శాతం, స్టెంట్ వైపు 3.4 శాతం. చిన్న నాళాల్లో తేడా పెద్దగా లేదు, పెద్ద నాళాల్లోనే బెలూన్ వెనకబడింది.

దీన్ని చూసి బెలూన్ అభిమానులు "సిద్ధం చేయడం సరిపోలేదు, లోపలి కన్నుతో చూసి చేస్తే ఇట్లా కాదు" అంటున్నారు. ఈ వాదన విన్నప్పుడు నాకు కొంచెం జాగ్రత్త కలుగుతుంది. మా వృత్తిలో కూడా ఒక పద్ధతి పనిచేయకపోతే "మీరు సరిగ్గా పాటించలేదు" అని దాన్ని కాపాడేవాళ్లుంటారు. వాళ్లనెప్పుడూ ఓడించలేం. పెద్ద నాళంలో కొత్త ఇరుకుకు, ఇప్పటికి, స్టెంటే నిలబడింది అని ఒప్పుకోవాలి. అదే సమయంలో కొలంబో ముచ్చట కూడా మరిచిపోకూడదు. 1993లో ఎవరైనా అంకెలు చూసి స్టెంట్‌ని కొట్టేసి ఉంటే, అంకెలు తప్పు కాదు, కానీ వాళ్లు కొలిచింది సగం తెరుచుకున్న స్టెంట్‌ని. రెండింటి మధ్య ఎక్కడ గీత గీయాలో ఆపరేషన్ వివరాలు రాసిపెడితేనే తెలుస్తుంది. ఎన్ని అట్మాస్ఫియర్లు, ఎన్ని సెకన్లు, ఎంత మిగిలింది. మన దేశంలో ఈ బెలూన్లు ధారాళంగానే దొరుకుతాయి. పాక్లిటాక్సెల్‌కి బదులు సిరోలిమస్ పూసిన బెలూన్‌ని సూరత్ కంపెనీయే చేసి ప్రపంచానికి అమ్ముతోంది. వస్తువుకు కొదవ లేదు.

ఇదంతా మా జిల్లాలకు ఎందుకు పట్టాలంటే, దూరం వల్ల. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ 200. అందుకే అక్కడివాళ్లు గుండెనొప్పికి మహారాష్ట్ర వైపు పోవడమూ మామూలే. మందు స్టెంట్ పడ్డవాళ్లు రక్తం పలచనయ్యే రెండు రకాల గోలీలు మామూలుగా ఆరు నెలలు, గుండెపోటు వచ్చినవాళ్లయితే ఏడాది వేసుకోవాలి. నడుమ ఆపితే ప్రమాదం. గుండెపోటు లేనివాళ్లకు లోహం లేని బెలూన్ వైద్యమైతే నెల రోజులతో సరిపెట్టొచ్చని నిపుణుల సలహా. కడుపులో పుండున్న మనిషికీ, మూడు నెలల్లో ఇంకేదో ఆపరేషన్ ఉన్న మనిషికీ, మందుల దుకాణానికి రెండు బస్సులు మారాల్సిన ఊరి మనిషికీ ఆ తేడా చిన్నది కాదు. అంటే స్టెంట్ లోపలి ఇరుకు, చిన్న నాళం, మందులు ఎక్కువకాలం వేసుకోలేని పరిస్థితి, ఇవన్నీ మా దిక్కు నిండా ఉన్నాయి. బెలూన్ ఎక్కువ ఉపయోగపడేది మా వాళ్లకే. బెలూన్‌కి కావలసిన తీరికైన ముప్పావుగంట, లోపలి కన్ను, బ్లేడు బెలూన్ మాత్రం మా వాళ్లు పోయే బల్ల దగ్గర దొరకడం కష్టం. ప్యాకేజీలో పనికి ఒక మొత్తం ఉంటుంది. గోడ గీకడానికి పట్టిన ఇరవై నిమిషాలకు అందులో గడి లేదు. ఒక కేసు ముగించి రెండోది బల్ల మీదికి ఎక్కించాల్సిన ల్యాబులో ఏది ముందు తగ్గుతుందో చెప్పడానికి డాక్టరే కానక్కర్లేదు.

మా మేనమామ సింగరేణిలో పనిచేసి రిటైరైనాయన. మొదటిసారి స్టెంట్ పడింది, ఏడేళ్లకు అందులోనే ఇరుకు పడితే రెండోసారి మందు బెలూన్ చేశారు. మా ఇళ్లల్లో యాంజియోగ్రామ్ సీడీ పట్టాదారు పాసుపుస్తకంతో పాటు అల్మారీలో ఉంటుంది, చూడ్డానికి ప్లేయర్ ఎవరింట్లోనూ లేదు. దాంతో పాటున్న కాగితాలు తీసి చదివాను. మొదటి డిశ్చార్జ్ కాగితం మీద స్టెంట్ స్టిక్కర్ అతికించి ఉంది. కంపెనీ, కొలత, వరుస సంఖ్య. ఎట్లా పెట్టారన్నది ఒక్క ముక్క లేదు. రెండో కాగితంలో ఎవరో ఓపిగ్గా రాశారు. ముందు బ్లేడు బెలూన్, తర్వాత గట్టి బెలూన్, ఎన్ని అట్మాస్ఫియర్లు, మిగిలిన ఇరుకు 15 శాతం, చీలిక లేదు, మందు బెలూన్ అరవై సెకన్లు. ఇవన్నీ ఆయనకు చదివి వినిపించి, ఆ అరవై సెకన్లు ఏమైనా తెలిసిందా మామా అని అడిగితే, "తెలువకేం రా, ఛాతి మీద బండ వెట్టినట్టయింది. 'ఇంకొద్దిగంతసేపు ఓపిక వట్టు పెద్దాయనా' అనుకుంట ఆ డాక్టరు పిల్ల పైకి లెక్కవెడుతనే ఉన్నది, అరవై దాక" అన్నాడు.